చిన్నమ్మ నీళ్ళ పాళి

కొత్తది చేద్దామంటే పదిమంది చేతులెత్తుతారు. పాతది బాగుచేద్దామంటే ఒక్కరికీ ఖాళీ ఉండదు. ఈ ముక్క ఎవరో చెబితే విన్నది కాదు, జీతం లేని పనిలో ఇన్నేళ్ళు తల బాదుకుని తెలుసుకున్నది. ఆ ఎండాకాలం మా చిన్నమ్మ వరి పాలు పోసుకునే దశలో ఉండింది. కాలువ మూసే రోజు దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడు ఆమెకు రావలసిన ఆఖరి నీళ్ళ పాళి మేం రాసిన ఫోన్ ప్రోగ్రాంలోంచి మాయమైంది. ఎందుకు మాయమైందో నాకు తెలుసు. సరిచేయగలిగినవాళ్ళెవరో కూడా తెలుసు. వాళ్ళందరూ అప్పుడు ఇంకేదో కొత్త ముచ్చటలో ఉన్నారు.

పాళి అంటే వంతు. మా బళ్ళారి తెలుగులో సగం మాటలు కన్నడం నుంచి చేబదులు తెచ్చుకున్నవే, తిరిగి ఇచ్చే ఉద్దేశం మాత్రం ఎవరికీ లేదు. చిన్నమ్మ పొలం హచ్చొళ్ళి అవతల, పిల్లకాలువ చివర ఉంటుంది. కాలువ మొదట్లో పొలం ఉన్నవాడికి నీళ్ళు అడక్కుండానే వస్తాయి. చివర ఉన్నవాళ్ళకు పైవాళ్ళందరి దాహం తీరాక మిగిలితే వస్తాయి. అందుకే పాళీలు పెట్టుకున్నారు. ఎవరి పాళి వచ్చినప్పుడు వాళ్ళు పార భుజాన వేసుకుని తూము దగ్గరికి వెళ్ళి నీళ్ళు తమ మడికి తిప్పుకుంటారు. పాళీలు చూసే మనిషిని నీరుగంటి అంటారు.

మార్పిళ్ళు కూడా ఉండేవి. ఇంట్లో పెళ్ళి ఉందనో, ఒంట్లో బాగాలేదనో ఒకరి పాళి ఇంకొకరు తీసుకుని, తమది వాళ్ళకు వదిలేవాళ్ళు. టీ హోటల్లో ఇద్దరు మనుషుల ముందర ఒక మాట, అంతే. ఆ మాట నిలిస్తే నిలిచేది, లేకుంటే తూము దగ్గర పారలు లేచేవి. ఒకసారి అలాంటి గొడవలో మా చిన్నాయన తల పగిలింది. ఆయన లారీ మీద ఇనుప రాయి తోలుతూ ఎప్పుడో గానీ ఊళ్ళో ఉండడు, ఉన్న ఒక్కరోజూ కుట్లు వేయించుకోవడానికి సిరుగుప్పకు పోవలసి వచ్చింది. ఆ సంగతి విన్నాకనే నేనూ, నాతో ఇంజనీరింగ్ చదివినతనూ కలిసి ఈ ప్రోగ్రాం మొదలుపెట్టాం. అతనికిప్పుడు బెంగళూరులో ఉద్యోగం. నేను ఇక్కడే బళ్ళారిలో, గాంధీనగర్‌లో కాపురం, ఒక జీన్స్ యూనిట్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని.

ప్రోగ్రాం చాలా సాదా. ఊరి పాళీల వరస అందులో ఉంటుంది. నీ పాళికి ముందురోజు నీ ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఇద్దరు పాళీలు మార్చుకుంటే ఇద్దరూ తమ ఫోన్లలో సరే అని నొక్కాలి. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా చేయి వేసి బాగుచేయవచ్చు, రూపాయి ఇచ్చేదీ లేదు పుచ్చుకునేదీ లేదు. మొదట ఒక ఊరు, తర్వాత ఇంకొన్ని. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి ముఖం కూడా చూడని పిల్లలు వచ్చి చేరారు. తూముల దగ్గర గొడవలు తగ్గాయి. ఆ రోజుల్లో నాకు నేలమీద కాలు ఆనలేదంటే అబద్ధం కాదు.

చిన్నమ్మకు కంటిలో పొర వచ్చింది. బళ్ళారిలో ఆపరేషన్ చేయించి మా ఇంట్లోనే ఉంచుకున్నాను. వంగకూడదు, దుమ్ములో తిరగకూడదు అన్నారు డాక్టరు. సరిగ్గా అదే వారం ఆమె పాళి పడింది. పక్క పొలం ఆయనతో మాట్లాడి ఆమె ముందు పాళి ఆయనకు, ఆయన ఆఖరి పాళి ఆమెకు అని మార్పిడి చేసుకున్నారు. ఆయన నాకు మామ వరస అవుతాడు, కాలూచేయీ ఆడిన రైతు, సొంత లారీలు ఉన్నవాడు. కంటికి పచ్చగుడ్డ కట్టుకుని కూర్చున్న చిన్నమ్మ వేలు పట్టుకుని నేనే ఆమె ఫోన్లో సరే అని నొక్కించాను. ఆయనా అక్కడ నొక్కాడు. ఆమె నీళ్ళు ఆయన పొలానికి పారాయి.

తర్వాత ఎక్కడో గట్టు జారి కాలువ కొన్నాళ్ళు ఆపేశారు. అలా ఆగినప్పుడు నీరుగంటి మా ప్రోగ్రాంలో ఒక బటన్ నొక్కుతాడు, మిగిలిన పాళీలన్నీ వెనక్కి జరుగుతాయి. ఆ జరపడంలో ఉంది మా దరిద్రం. ప్రోగ్రాం మొట్టమొదటి వరసను తీసుకుని జరుపుతుంది గానీ, మధ్యలో చేసుకున్న మార్పిళ్ళను మరిచిపోతుంది. అంటే చిన్నమ్మ ముందు పాళి వాడేసుకున్న మామకే తన ఆఖరి పాళి కూడా తిరిగి వచ్చింది. ఆయనకు రెండు. చిన్నమ్మకు సున్నా.

బస్సెక్కి ఊరికి పోయిన మర్నాడే ఆమె ఫోన్ చేసింది. నేను యూనిట్‌లో ఉన్నాను, చుట్టూ కుట్టు మిషన్ల రొద.

"పాపా, ఫోన్ల నా పేరే లేదంటాండాడు నీరుగంటి. నా పాళి యాడికి పోయింది?"

చూస్తానని చెప్పాను. ఆమె మామను కూడా అడిగిందట. ఆయన కోప్పడలేదు, దబాయించలేదు. ఫోన్లో ఏం వస్తే అదే గదమ్మా, నేనేమన్నా రాసుకుంటినా అన్నాడట. మరి నా పాళి నువ్వు తీసుకోలేదా అంటే, తీసుకుంటి, అదీ ఫోన్లోనే వచ్చింది గదా అన్నాడట. పోట్లాడడానికి కూడా సందు ఇవ్వని జవాబు. ఇదివరకైతే టీ హోటల్లో ఉన్న ఇద్దరు సాక్షులను పిలిచి నిలదీసేది. ఇప్పుడు సాక్షులూ లేరు, మాటా లేదు. ఆ రెండూ అక్కర్లేకుండా చేసింది మేమే.

ఈ బగ్ కొత్తది కాదు. ఎప్పుడో ఒక నీరుగంటి చెప్పాడు, ఎవరో రాసి పెట్టారు. అలాంటివి చాలా ఉన్నాయి, వాటి కింద ఇది పడి ఉంది. ఎప్పుడో ఒకసారి జరిగేది, మార్పిడీ కాలువ ఆగడమూ రెండూ కలిస్తేనే కదా అని అందరమూ దాటుకుంటూ పోయాం. చిన్నమ్మ ఫోన్ పెట్టేశాక నేను వెళ్ళి ఆ పాత ఫిర్యాదును మళ్ళీ చదివాను. ఇంటిపనీ ఆఫీసు పనీ మరిచిపోయి అక్కడే కూర్చుండిపోయాను.

చేత్తో మార్చేయవచ్చు కదా అని మీరు అడుగుతారు. చిన్నమ్మ కూడా అడిగింది. నాకు ఆ అధికారం ఉంది, ఒక్క నిమిషం పని. కానీ మొదటి రోజే మేమొక నియమం పెట్టుకున్నాం. ప్రోగ్రాం చేసేవాళ్ళెవరూ ఎవరి పాళినీ చేత్తో ముట్టుకోకూడదు. ముట్టుకున్నామని తెలిసిన మర్నాటి నుంచి కాలువ పొడుగునా ప్రతివాడికీ బళ్ళారిలో ఒక చుట్టం పుట్టుకొస్తాడు, ఆ తర్వాత మా వరసను ఎవడూ నమ్మడు. నియమం రాసేటప్పుడు చాలా గొప్పగా అనిపించింది. సొంత చిన్నమ్మ వరి ఎండుతుంటే అదే నియమం నాకు అడ్డం పడింది. ఎవరికి తెలుస్తుంది అని రోజుకు ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. తెలుస్తుంది. మామకు తెలుస్తుంది.

"నీ చేతిలో పనే అంటివి గదా పాపా. నీ కడుపున పుట్టిన బిడ్డ పొలమైతే ఇట్లనే అంటావా?" అంది చిన్నమ్మ.

నాకు పిల్లలు లేరు. ఆమె ఆ సంగతి మరిచిపోయి అన్నది కాదు, ప్రాణం మీదికి వచ్చి అన్నది.

ఆదివారం పొద్దున మా మీటింగ్ ఉంటుంది, ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని కంప్యూటర్లో కలుస్తాం. ఆ రోజు అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఫోన్ తనే మాట్లాడే ఫీచర్ ఒకటి తయారవుతోంది. చదువు రానివాళ్ళకు మెసేజ్ బదులు ఫోన్ మోగి, పాళి ఎప్పుడో తెలుగులోనూ కన్నడంలోనూ చెబుతుంది. బెంగళూరులో ఎవరో పెద్దలకు అది చూపించాలి, వాళ్ళకు నచ్చితే ఇంకా చాలా ఊళ్ళకు పోతుంది. మంచి ఫీచరే. మా చిన్నమ్మకే పనికొచ్చేది. అందుకే నాకు ఇంకా మండింది. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, పాళి పోగొట్టే ప్రోగ్రాంకు గొంతు తగిలిస్తే ఏం చెబుతుంది? నీకు నీళ్ళు లేవని తియ్యగా చెబుతుంది.

ఆ మాటే అన్నాను. మార్పిడి బగ్ సరిచేసేదాకా కొత్తది ఏదీ లోపలికి రాదని కూడా అన్నాను. ఎవరు రాసిందైనా సరే, ప్రోగ్రాం మొదలుపెట్టిన మా ఇద్దరిలో ఒకరు కాదంటే లోపలికి రాదు. నేను ఒప్పుకోను అన్నాను. ఇది మా యూనిట్‌లో పద్ధతి. కుట్టు తప్పిన పీసులను ఆల్టర్ అంటారు. నీ ఆల్టర్ పీసులు తిరిగి రాకుంటే మేస్త్రి నీకు కుట్టడానికి కొత్త కట్ట ఇవ్వడు. ఎంత చేయి తిరిగిన టైలరైనా సరే, ముందు ఆల్టర్, తర్వాతే కట్ట. ఆ పద్ధతి మీద ఊరంత ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, మా చిన్న ప్రోగ్రాం నడవదా అనుకున్నాను.

తర్వాత హైదరాబాద్ అమ్మాయి నోరు తెరిచింది. ఆ మాట్లాడే ఫీచర్ అంతా ఆమె చేతి పనే, మాలో అందరికంటే చురుకైనది.

"అక్కా, వారమంతా ఆఫీసులో ఇంకొకరి తప్పులే దిద్దుతాను. ఆదివారం కూడా అదే అంటే ఇక్కడికెందుకు రావాలి?"

ఆమె అన్నది న్యాయం. బెంగళూరు స్నేహితుడు మాత్రం అందరూ వెళ్ళాక నాకు విడిగా ఫోన్ చేసి కడిగేశాడు.

"ఇది నీ జీన్స్ యూనిట్ అనుకుంటాండావా? ఈడ ఎవరూ నీ కింద పనిచేసేటోళ్ళు కాదు. జీతం ఇస్తే ఆల్టర్ చేయిస్తావు. ఏమిచ్చి చేయిస్తావు వీళ్ళతో?"

ఆ వారం ఎవరూ ఏమీ రాయలేదు. రోజూ పొద్దునే టీ గ్లాసు పక్కన పెట్టుకుని చూసేదాన్ని, ఖాళీ. ఇద్దరు పిల్లలు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయారు. తక్కినవాళ్ళు మర్యాదగా పనులున్నాయన్నారు. నేను తలుపు మూశాను, వాళ్ళు ఇంకో వీధిలోంచి వెళ్ళిపోయారు, అంతే జరిగింది. బగ్ మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

సరే, నేనే చేస్తానని కూర్చున్నాను. ఆ భాగం రాసినతను ఎప్పుడో పెళ్ళి చేసుకుని మాయమయ్యాడు, ఏం ఆలోచించి రాశాడో ఆ దేవుడికే తెలియాలి. ఒకచోట దిద్దితే ఇంకోచోట తెగింది. ఒక పొద్దున పరీక్ష కోసం పెట్టిన నకలు ఊరిలో అందరి పాళీలూ ఒకే రోజుకు వచ్చి పడ్డాయి. ఇంకో పొద్దున ఎవరికీ పాళి లేదు. యూనిట్‌లో లెక్కలు తప్పు కొట్టి మేస్త్రితో మాటలు పడ్డాను. ఇంట్లో మా ఆయన ఉప్మా మాడిందని కూడా అనకుండా తిని వెళ్ళేవాడు, నా ముఖం అలా ఉండేది. కాలువ మూసే రోజు దగ్గరికొస్తూనే ఉంది. మామ రెండో పాళి మంగళవారం. అంతలోపల వరస సరికాకుంటే చిన్నమ్మ నీళ్ళు మళ్ళీ మామ మడిలోకే.

ఒక రోజు సెలవు పెట్టి హచ్చొళ్ళికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, చేతులు కట్టుకుని కూర్చోలేక వెళ్ళాను. చిన్నమ్మ గట్టు మీద నిలబడి ఉంది, నల్లద్దాలు పెట్టుకుని. మడి నెర్రెలిచ్చింది. వెన్నులు ఇంకా పచ్చగానే ఉన్నాయి గానీ ఆకుల కొనలు చుట్టుకుపోతున్నాయి. ఆమె ఒక గింజ గిల్లి వేళ్ళతో నొక్కి నాకు చూపించింది. పాలు రావలసిన చోట తడి మాత్రమే ఉంది. ఇంకొక్క తడి పడితే చాలు, గింజ నిలబడుతుంది అంది. లేకుంటే అంతా తాలే.

అటువైపు ఒక పొలంలో ఆడవాళ్ళు వరసగా వంగి కలుపు తీస్తున్నారు. నువ్వు పోలేదా అని అడిగాను. కన్ను ఇట్ల ఉంటే యాడ పోతా అంది. ఆ గుంపులో ఆమె కూడా ఒకతె. వాళ్ళది ముయ్యి. ఈరోజు నీ పొలంలో నేను, రేపు నా పొలంలో నువ్వు. కూలి లేదు, మేస్త్రి లేడు, ఎవరూ ఎవరికీ హుకుం ఇవ్వరు. అయినా ఎవరూ ఎగ్గొట్టరు, ఎగ్గొడితే తన మడికి రేపు ఎవరూ రారని తెలుసు కాబట్టి. చిన్నమ్మ రాలేకపోయినా ఆమె మడిలో కలుపు తీసేశారట, కన్ను బాగయ్యాక వచ్చి తీరుస్తుందిలే అని.

ఇంత వయసొచ్చినా ఇది నాకు తట్టలేదే అని ఆ గట్టు మీదే నన్ను నేను తిట్టుకున్నాను. నేను పట్టుకెళ్ళింది ఫ్యాక్టరీ పద్ధతి. మాది ఫ్యాక్టరీ కాదు. ఆ హైదరాబాద్ అమ్మాయి పనిని ఆపడం కాదు చేయవలసింది, ఆమె మడిలో నేను వంగాలి.

బస్టాండులోనే కూర్చుని ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. ముయ్యి అంటే ఏమిటో చెప్పాను. నీ ఫీచర్‌లో నీకు ఇష్టం లేని పని ఏముందో అది నాకివ్వు, నా బగ్‌లో అంత పని నువ్వు చెయ్యి అన్నాను. ఆమె కొంచెం ఆలోచించి నవ్వింది. ఫోన్ చెప్పే వాక్యాలన్నీ ఎవరైనా మా వైపు యాసలో చదివి రికార్డు చేయాలట, తన హైదరాబాద్ తెలుగు ఊళ్ళో వాళ్ళకు వింతగా ఉంటుందట, అడిగిన ప్రతివాడూ సిగ్గుపడి తప్పుకున్నాడట. నేను చదువుతానన్నాను. రెండూ కలిపే లోపలికి వెళ్ళాలి అక్కా, నాది ఆగితే నీదీ ఆగుతుంది అంది. సరేనన్నాను.

బళ్ళారిలో దిగి, బ్రూస్‌పేటలో చిన్నమ్మకు కంటి చుక్కల మందు కొని, ఇంటికి వచ్చి కిటికీలు మూసుకుని కూర్చున్నాను. ఆమె పంపిన వాక్యాలు ఒక్కొక్కటీ చదివాను. "మీ నీళ్ళ పాళి రేపుండాది." "కాలువ నిలిపినారు, మీ పాళి వెనక్కి జరిగినాది." "మీ పాళి తప్పు పడింటే సరిచేసినాము, పార తీసుకుని తూము కాడికి రాండి." పుస్తకం తెలుగులో రాసి పంపిన వాటిని నేనే మా మాటలోకి మార్చుకున్నాను. మైకు ముందు మొదట చాలాసార్లు తప్పు చదివాను. చిన్నమ్మతో మాట్లాడుతున్నట్టు అనుకుంటే సరిపోయింది.

ఆదివారం పొద్దునుంచి సాయంత్రం దాకా ఇద్దరం బగ్ మీద పడ్డాం. ఆమె తెలివి ముందు నా వారం రోజుల కుస్తీ నాకే సిగ్గనిపించింది గానీ, కాలువ సంగతులు ఆమెకు తెలియవు, అవి నేను చెప్పాను. మార్పిళ్ళను మరిచిపోయే చోటు దొరికింది. దిద్దాం. చిన్నమ్మ పేరు మంగళవారానికి వచ్చి నిలబడింది. నేను కళ్ళు తుడుచుకున్నాను, ఆమె అటు చప్పట్లు కొట్టింది.

అప్పుడామె, నిజంగా సరైందో లేదో పాత పాళీల మీద కూడా నడిపి చూద్దాం అక్కా అంది. ఆ పంట మొదలైనప్పటి నుంచి అన్ని ఊళ్ళ పాళీలూ కొత్త ప్రోగ్రాంలో నడిపాం. తెర మీద పేర్లు రావడం మొదలైంది. మార్పిడి చేసుకుని, కాలువ ఆగి, పాళి పోగొట్టుకున్నవాళ్ళు. ఒకటి, రెండు అయితే ఊరుకునేదాన్ని. వస్తూనే ఉన్నాయి. అందరూ చివరి పొలాలవాళ్ళే, పైవాళ్ళకు మార్పిడి అవసరం ఏముంది? ఒక్కరు కూడా మాకు ఫోన్ చేయలేదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. అడగడానికి చిన్నమ్మకు నేనున్నాను. వాళ్ళకు ఎవరున్నారు? ఆ రోజే చేత్తో చిన్నమ్మ పాళి మార్చేసి ఉంటే ఈ పేర్లు ఎప్పటికీ తెలిసేవి కావు. దిద్దిందీ ఫీచరూ కలిపి అన్ని ఊళ్ళకూ పంపేద్దామా అక్కా అని అమ్మాయి అడిగింది. మంగళవారం ముందుంది. పంపేయమన్నాను.

సోమవారం పొద్దున యూనిట్‌లో ఉండగా చిన్నమ్మ ఫోన్ వచ్చింది. ఫోన్ మోగితే ఎత్తిందట, లోపల నేనే మాట్లాడుతున్నానట, పాళి సరిచేసినామని. నేను ఎంత పిలిచినా నువ్వు పలకలేదే పాపా అని నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వు విన్నాను.

మంగళవారం తెల్లవారక ముందే బస్సెక్కాను. నీళ్ళు పారడం కళ్ళారా చూడాలనిపించింది. నేను వెళ్ళేసరికి మామ తూము దగ్గరే ఉన్నాడు. ముఖంలో కోపం లేదు, సిగ్గు కూడా లేదు.

"ఫోన్ల నీ పేరు వచ్చింది గదమ్మా. తీసుకో," అని చిన్నమ్మకు దారి వదిలాడు.

అంత సులువు. అతను మాట నిలబెట్టుకున్నాడా, మాట తప్పాడా అన్న ప్రశ్నే అతని తలలో లేదు. నాకు ఒళ్ళు మండింది గానీ చిన్నమ్మ అప్పటికే పార ఎత్తింది. గట్టు తెగి నీళ్ళు నెర్రెల్లోకి దిగాయి. మడి చాలాసేపు తాగుతూనే ఉంది, పైకి ఏమీ కనపడలేదు. తర్వాత మెల్లగా మొదళ్ళ చుట్టూ నీళ్ళు నిలిచాయి. చిన్నమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి కట్టి మడిలో నిలబడింది. నేను గట్టు మీద కూర్చుని చెప్పులు విప్పి కాళ్ళు నీళ్ళలో పెట్టాను.

అప్పుడు చూశాను. కాలువ గట్టు మీద చివరి పొలాల వైపు నుంచి మనుషులు వస్తున్నారు, ఒకరి వెనక ఒకరు, భుజాల మీద పారలు. ఈ రోజు పాళి చిన్నమ్మ ఒక్కదానిదే. వీళ్ళెందుకు వస్తున్నారో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక నీళ్ళలోంచి కాళ్ళు తీసుకున్నాను. దిద్దిన ప్రతి పాళికీ ఫోన్ పోయింది. ఎప్పుడో దాటిపోయిన పాళీలకు కూడా. పాత పాళికి ఫోన్ పోకుండా ఆపాలన్న ఆలోచన మా ఇద్దరిలో ఎవరికీ రాలేదు. బగ్ వేరే, ఫీచర్ వేరే అనుకుని చూశాం, రెండూ కలిస్తే ఏమవుతుందో చూడలేదు.

ముందర ఒక పెద్దామె. చిన్నమ్మ వయసే ఉంటుంది, ముయ్యి గుంపులో మనిషి. ఆమె పొలం నేను వచ్చేటప్పుడే దారిలో చూశాను, ఎవరిదో తెలియక. వరి ఎండి గడ్డి రంగుకు తిరిగింది, గేదెలను తోలేశారు. పాళి రాకుంటే మరి అడగలేదా అని చిన్నమ్మ మడిలోంచే అడిగింది.

"ఫోన్ల లేదంటే లేదనుకుంటిమి. ఫోన్ అబద్ధం చెప్తాదా?" అంది ఆమె.

నేనేదో చెప్పబోయాను. రెండు మాటలు వినగానే ఆమె నావైపు తిరిగి నా ముఖంలోకి చూసింది.

"నిన్న ఫోన్ల మాట్లాడింది నువ్వే గదమ్మా? గొంతు గుర్తు పట్టినా. నీళ్ళు ఎప్పుడు విడుస్తారు?"

కాలువ రేపు మూస్తారు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇప్పుడు నీళ్ళు పెట్టినా ఆమె మడిలో పచ్చబడేది ఏమీ లేదని నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా గేదెలు మేసిన మడికి పార భుజాన వేసుకుని వచ్చింది, రమ్మని పిలిచింది నేను కాబట్టి.